మన మిర్చి బస్తాకు మన పేరు

సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం



బూర్గంపాడులో మనం మిర్చి పండిస్తున్నాం. కోత కోసేది, ఎండబెట్టేది, తాలుకాయ ఏరేది ఎక్కువగా ఆడవాళ్లమే. బస్తాలు యార్డుకు పోయి అమ్ముడయ్యాక పది ఊళ్ల కాయలో కలిసిపోతయి. పట్టాల మీద శుభ్రంగా ఎండబెట్టిన కాయ, తడిసి బూజు పట్టిన కాయ ఒకటే రాశి అయితది. మన పేరు అక్కడితో పోయినట్టే. పేరు పోకుండా చూసే ఒక పద్ధతి వచ్చింది. దాన్ని బ్లాక్‌చెయిన్ అంటారు.

మన తీర్మానాల పుస్తకాన్నే తీసుకుందాం. అది ఒక్క లీడర్ దగ్గరే కాకుండా ప్రతి సభ్యురాలి దగ్గరా ఒక నకలు ఉందనుకోండి. ఎవరైనా ఒక అంకె దిద్దితే మిగతా పుస్తకాలతో కలవదు, వెంటనే దొరికిపోతది. బ్లాక్‌చెయిన్ కంప్యూటర్లలో రాసే అలాంటి పుస్తకం. రైతు, వ్యాపారి, గోదాము, ఎగుమతిదారు ఎవరి వంతు వాళ్లు రాస్తారు. ప్యాకెట్ మీది కోడ్‌ను ఫోన్‌తో చూస్తే ఆ వరుసంతా కనిపిస్తుంది.

అమెరికాలో వాల్‌మార్ట్ కంపెనీ మామిడి ముక్కల మీద దీన్ని పరీక్షించింది. ఒక ప్యాకెట్ ఏ తోటదో కనుక్కోవడానికి అంతకుముందు దాదాపు 7 రోజులు పట్టేది. ఈ పద్ధతిలో 2.2 సెకన్లలో తేలింది. మన దేశంలో 2021లో స్పైసెస్ బోర్డు, యూఎన్‌డీపీ కలిసి సుగంధ దినుసుల కోసం ఇలాంటి ఏర్పాటుకు ఒప్పందం చేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ మిర్చి, పసుపు రైతులు ఉన్న ఈ-స్పైస్ బజార్‌తో దాన్ని కలపాలని అనుకున్నారు.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ పుస్తకం రాసిన దాన్ని చెరగనివ్వదు. రాసింది నిజమో అబద్ధమో మాత్రం చెప్పలేదు. అందుకే మొదటి పేజీ ఎవరు రాస్తారన్నదే ముఖ్యం. మన బదులు ఇంకొకరు రాస్తే వాళ్ల మాటే చెరగకుండా ఉండిపోతది. భూమి పట్టా మగవాళ్ల పేరున ఉంటే మన కష్టం ఎక్కడా కనపడదు.

కాబట్టి ఈ సీజన్ నుంచే సంఘాలన్నీ ఒక నోటుబుక్ పెట్టుకుందామని కోరుతున్నాం. ఏ చేను, ఏ మందు ఏ తేదీన కొట్టాం, ఎప్పుడు కోశాం, ఎట్లా ఎండబెట్టాం, తూకం ఎంత, ఎవరు పనిచేశారు అన్నీ రాద్దాం. రేపు ఏ కంపెనీ వచ్చినా సమావేశంలో మూడు మాటలు అడుగుదాం: ఎవరి పేరు రాస్తారు? మన వివరాలు ఎవరు చూస్తారు? క్వింటాల్‌కు ఎంత ఎక్కువ ఇస్తారు? జవాబులు కాగితం మీద వచ్చాకే తీర్మానం చేద్దాం.