తొంబది మైళ్ల కడలి, రెండు తీరముల పాట



క్యూబా ద్వీపమునకును, అమెరికా దేశపు ఫ్లోరిడా కొసకును నడుమ నున్న సముద్రము 90 మైళ్లు మాత్రమే. 1959వ సంవత్సరము జనవరిలో అచ్చట విప్లవము జయించిన పిదప ఆ కడలిని దాటిపోయినవారు లక్షల సంఖ్య. 1980లో మారియెల్ రేవునుండి కొలది మాసములలోనే సుమారు 1,25,000 మంది తరలిపోయిరి. 1994లో మరల వేలకొలది జనులు తెప్పలు గట్టుకొని బయలుదేరిరి. పోయినవారిని ప్రభుత్వము 'పురుగు'లని నిందించెను. పోయినవారిలో పలువురు, ఉండిపోయినవారిని ప్రభువుల కూడిగము చేయువారనిరి. తల్లి యీ తీరమున, బిడ్డ ఆ తీరమున! ఈ చీలికను మాన్ప జూచిన పాటలను గూర్చియే మేము నేడు ముచ్చటింప దలచితిమి.

సీలియా క్రూజ్ అను మహాగాయని 1960లో దేశము వీడెను. 1962లో తల్లి మరణింపగా, కడచూపునకై వచ్చుటకు ప్రభుత్వ మామె కనుమతి నొసగలేదు. దశాబ్దములపాటు ఆమె కంఠము స్వదేశపు రేడియోలో వినబడలేదు. 1990లో ఆ ద్వీపముననే యున్న అమెరికా నౌకాస్థావరము గ్వాంటనామోకు బోయినపుడు ఆమె పిడికెడు మన్ను తెచ్చుకొనెను. 2003లో ఆమెతోపాటు ఆ మన్నును సమాధి చేసిరి.

ద్వీపమును వీడక అచ్చటనే యుండి పాడిన కార్లోస్ వరేలా, కుటుంబపు ఛాయాచిత్రమును గూర్చి కట్టిన పాట 1995 నాటి సంపుటమున నున్నది. అందు వాదము లేదు, దూషణ లేదు. చెల్లాచెదరైన యొక యిల్లు, అంతియే. సంధికి బిలుచు ఉపన్యాసములు వేయింటికంటె ఇట్టి పాట యొక్కటి మేలని మా యభిప్రాయము. ఎదుటివాని తప్పు నొప్పుకొమ్మనని పాట కదా రెండు తీరములను తాకగలది!

2009 సెప్టెంబరు 20వ తేదీన కొలంబియా గాయకుడు హువానెస్, హవానాలోని విప్లవ చతుష్పథమున శాంతిసభ జరిపెను. గాయకులందరు తెల్లని దుస్తులు దాల్చిరి. వరేలాయు వారిలో నొకడు. పది లక్షలమంది కూడిరని చెప్పబడినది. అయితే మయామి వీథులలో కొందరు ప్రవాసులు అతని సంగీతపు బిళ్లలను పరచి వానిపై రోలరు త్రొక్కించిరి. ఒక పాట నణచుటకు రోడ్డు రోలరు కావలసివచ్చెననిన, ఆ పాటకు కొంత బలము గలదని యొప్పుకొనినట్లే గదా!

అయినను ఆ ప్రవాసుల కోపమును మేము పరిహసింపజాలము. తండ్రి చెరలో మ్రగ్గినవానికి, ఆస్తి జప్తయినవానికి 'అంతయు మరువుము' అని పాడి వినిపించుట సులభము, వినుటయే కష్టము. మరపును సంధి యని భ్రమించు పాట యేదియు నిలువదు. జనులు జనులతో గలియుట వేఱు, ప్రవాసులు ప్రభుత్వముతో రాజీపడుట వేఱు. మొదటిదానికై పాడవచ్చును. రెండవదానిని పాట కోరవలెనన్నచో, ముందుగా చెరసాల తలుపులు తెరవుమని కూడ కోరవలసి యుండును.

2021 ఫిబ్రవరిలో ఈ భేద మెల్లరకు దెలిసినది. 'స్వదేశమో, మరణమో' అను ప్రభుత్వ నినాదమును త్రిప్పి, 'స్వదేశము, జీవితము' అను పేర నొక పాట వెలువడెను. యోతుయెల్, దెసెమెర్ బ్వెనో, హెంతె దె సోనా ద్వయము వెలుపలనుండియు, మైకెల్ కాస్తియో, ఎల్ ఫంకీ హవానానుండియు దానిని గలిసి పాడిరి. ప్రభుత్వముతో సంధి యందు లేదు. కాని అరువది యేండ్ల నిందల పిమ్మట వెడలినవాడును, నిలిచినవాడును ఒకే పల్లవి నందుకొనిరి. ఆ యేడు జూలై 11న క్యూబా వీథులలో జనము దానినే నినాదముగా నెత్తుకొనెను.

నవంబరులో ఆ పాటకు లాటిన్ గ్రామీ బహుమానము లభించెను. మే మాసముననే నిర్బంధింపబడిన కాస్తియో అప్పటికి చెరలోనే యుండెను. ఒక్క పాటకై గరిమెళ్ల సత్యనారాయణగారిని చెరకంపిన పాలనను చవిచూచిన ఆంధ్రులకు ఇది క్రొత్త గాదు. 2022 జూన్‌లో హవానా న్యాయస్థానము కాస్తియోకు తొమ్మిదేండ్ల శిక్ష విధించెను.