పనిముట్టు మనది, తాళం ఎవరిది?

(తిరుమణిలో జరిగిన మిల్లు కార్మిక కుటుంబాల సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు జీతం గురించో, బోనసు గురించో మాట్లాడబోవడం లేదు. కంప్యూటర్ గురించి మాట్లాడతాను. "మిల్లులో దారం తీసేవాళ్లకు కంప్యూటర్ గొడవ ఎందుకన్నా" అని మీలో కొందరు అనుకోవచ్చు. పీఎఫ్‌లో ఎంత జమ అయిందో చూసుకోవాలన్నా, ఈ-శ్రమ్‌లో పేరు రాయించుకోవాలన్నా, పిల్లలు స్కాలర్‌షిప్‌కు అర్జీ పెట్టాలన్నా ఇవాళ కంప్యూటర్ దగ్గరికే పోవాలి. యూనియన్ ఆఫీసులో సభ్యత్వ రిజిస్టరు, చందా లెక్కలు, కేసుల కాగితాలు అన్నీ దానిలోనే ఉన్నాయి. అంటే అది మన పనిముట్టు అయిపోయింది. పనిముట్టు ఎవరి అధీనంలో ఉందన్న ప్రశ్న కార్మిక సంఘానికి కొత్తది కాదు.

ఈ మాట ఇప్పుడే ఎందుకు ఎత్తానంటే, 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేసింది. ఇళ్లలో వాడేవాళ్లు పేరు నమోదు చేసుకుంటే ఇంకో ఏడాది భద్రతా మరమ్మతులు ఇస్తామంది. ఆ తర్వాత దొంగలు దూరే సందు బయటపడితే పూడ్చేవాడు లేడు. పోనీ విండోస్ 11 వేసుకుందామా అంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కంపెనీ జాబితాలో ఉన్న ప్రాసెసర్ ఉండాలి. 2017కు ముందు వచ్చిన కంప్యూటర్లలో చాలావాటికి ఆ అర్హత లేదు. మిషను ఆగలేదు, తెర వెలుగుతోంది, కీబోర్డు పలుకుతోంది. అయినా కొత్తది కొనుక్కోమంటున్నారు. బేరింగులు బాగున్న రింగ్ ఫ్రేమును తుక్కు కింద అమ్మేయమంటే మన ఫిట్టర్ ఒప్పుకుంటాడా?

మీ ఊరి సంగతితోనే చెబుతాను. ఈ తిరుమణి, వల్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామాల్లో సుమారు 13,000 ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చింది. దాని సామర్థ్యం 2,050 మెగావాట్లు. రైతులు భూమి అమ్మలేదు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు అన్న లెక్కన గుత్తకు ఇచ్చారు. పట్టా రైతు పేరు మీదే ఉంది. గుత్తకూ పట్టాకూ తేడా ఏమిటో ఈ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

కంప్యూటర్‌లో ఆ లెక్క తలకిందులు. పెట్టె కొన్నది మనం. దాన్ని లోపల నడిపే సాఫ్ట్‌వేర్ మాత్రం మనది కాదు. డబ్బు కట్టి తెచ్చుకున్నా మనకు దక్కేది వాడుకునే లైసెన్సు, అంటే గుత్త. షరతులు రాసేది అవతలివాళ్లు. మూత తీసి చూడకూడదు, బాగుచేయకూడదు, పక్కింటివాళ్లకు ఇవ్వకూడదు. ఎప్పటిదాకా మరమ్మతు చేస్తారో వాళ్లే చెబుతారు.

మూత తీయడం అంటే ఏమిటో చెబుతాను. సాఫ్ట్‌వేర్‌ను మనుషులు చదవగలిగే రాతలో రాస్తారు. దాన్ని సోర్స్ కోడ్ అంటారు. మిషనుకు డ్రాయింగు ఎలాంటిదో అది అలాంటిది. తర్వాత దాన్ని కంప్యూటర్‌కు మాత్రమే అర్థమయ్యే అంకెలుగా మార్చి మనకు అమ్ముతారు. డ్రాయింగు వాళ్ల బీరువాలో ఉంటుంది. డ్రాయింగు లేకుండా గేర్ బాక్సు బాగుచేయమంటే ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అమెరికాలో ఎంఐటీ అనే పెద్ద విద్యాసంస్థ ఉంది. 1980 ప్రాంతంలో అక్కడి ల్యాబులోకి జెరాక్స్ కంపెనీ ప్రింటర్ ఒకటి వచ్చింది. దానిలో కాగితం తరచూ ఇరుక్కునేది. రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ అంతకుముందు ఉన్న ప్రింటర్‌కు, కాగితం ఇరుక్కోగానే అందరికీ కబురు వెళ్లేలా సాఫ్ట్‌వేర్ మార్చి పెట్టాడు. కొత్తదానికీ అలాగే చేద్దామంటే సోర్స్ కోడ్ దొరకలేదు. అది ఉన్న ఇంకో విశ్వవిద్యాలయం ఆయన్ని అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం పెట్టానన్నాడు. సాటి పనివాడికి సాయం చేయకూడదని సంతకం పెట్టించుకునే పద్ధతి ఏమిటని స్టాల్‌మన్‌కు మనసులో పడింది. 1983లో ఆయన గ్నూ అనే ప్రణాళిక ప్రకటించాడు. ఎవరైనా ఏ పనికైనా వాడుకోవచ్చు, లోపల చూసి మార్చుకోవచ్చు, నకలు పంచుకోవచ్చు, మార్చినదాన్ని కూడా పంచవచ్చు. ఈ నాలుగు హక్కులే దానికి పునాది. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ మొదలుపెట్టాడు. ఈ రెండూ కలిసి పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ అయింది. లినక్స్ ఎక్కడో ఉందనుకోకండి. మీ జేబులో ఆండ్రాయిడ్ ఫోను ఉంటే దాని గుండెకాయ లినక్సే.

ఇంగ్లీషులో దీన్ని ఫ్రీ సాఫ్ట్‌వేర్ అన్నారు. ఉచితమా, స్వేచ్ఛా అని అక్కడివాళ్లు తికమకపడ్డారు. మన తెలుగులో ఆ ఇబ్బంది లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. యాజమాన్యం ఉచితంగా టీ పోసినంత మాత్రాన మనకు హక్కు వచ్చినట్టు కాదు కదా! హైదరాబాదులో 2005లో మొదలైన ఉద్యమ సంస్థ తన పేరే స్వేచ్ఛ అని పెట్టుకుంది. అందులోని కార్యకర్తలు, విద్యార్థులు కూర్చుని మెనూలను తెలుగులోకి మార్చి, తెలుగులో నడిచే లినక్స్ తయారు చేశారు. మన పావగడ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్లో కన్నడం చదువుతారు. లినక్స్‌లో ఒకే కీబోర్డు మీద రెండూ టైపు చేయవచ్చు. ఏదైనా మాట సరిగా లేకపోతే కంపెనీకి అర్జీ పెట్టుకోనక్కర్లేదు, తెలిసినవాళ్లు దిద్దవచ్చు.

ఇదంతా చదువుకున్నవాళ్ల ముచ్చట అనుకోకండి. కేరళలో 2001లో బడి పిల్లలకు కంప్యూటర్ చదువు కోసం ఐటీ ఎట్ స్కూల్ పథకం మొదలైంది. ప్రభుత్వ పాఠం ఒకే కంపెనీ సరుకు చుట్టూ తిరగడాన్ని అక్కడి ఉపాధ్యాయ సంఘం ఎదిరించింది. ఆ రాష్ట్రం లినక్స్‌కు మళ్లింది. 2019లో 2 లక్షలకు పైగా బడి కంప్యూటర్లకు కొత్త కూర్పు వేస్తున్నామనీ, లైసెన్సుల ఖర్చు 3,000 కోట్ల రూపాయలు మిగులుతుందనీ కైట్ అనే ప్రభుత్వ సంస్థ ప్రకటించింది. బెంగళూరులో గురప్పనపాళ్య దగ్గరి మురికివాడలో అంబేడ్కర్ పేరుతో కంప్యూటర్ కేంద్రం పెట్టి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు కూలివాళ్ల పిల్లలకు లినక్స్ మీద నేర్పారు. ఆ పిల్లలు గింప్ అనే సాఫ్ట్‌వేర్‌తో బొమ్మలు గీశారు. కేంద్ర ప్రభుత్వం కూడా 2015లో తన కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు మొదటి స్థానం ఇవ్వాలని విధానం ప్రకటించింది.

"అంత అవసరమేముంది, షాపువాడు రెండొందలకు కాపీ ఎక్కిస్తాడు" అని కొందరు అంటారు. చట్టం ఏమంటుందో వినండి. కాపీరైటు చట్టం 63-బి సెక్షన్ కింద, దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. యాజమాన్యంతో కేసులు నడుపుతున్న సంఘం అలాంటి సందు ఎవరి చేతికీ ఇవ్వకూడదు.

ఇంకో నష్టం మన కళ్లముందే ఉంది. మన బులెటిన్ పాత సంచికలు ఒక కంపెనీ ఫాంటులో టైపు చేసినవి. ఇవాళ వాటిని తెరిస్తే తెలుగు బదులు పిచ్చిగీతలు కనిపిస్తున్నాయి. ఆ సమ్మెల కబుర్లు, ఆ ఒప్పందాల పాఠాలు రాసుకున్నది మనం. చదవాలంటే ఇంకొకరి తాళంచెవి కావాలి. యూనికోడ్‌లో, ఓపెన్ డాక్యుమెంట్ రూపంలో దాచుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. వాటి నియమాలు బహిరంగం. ఏ కంపెనీ మూతపడినా ఇంకొకరు తెరవగలరు.

మంచి చెప్పినట్టే ఇబ్బందులూ చెప్పాలి. కొన్ని ప్రింటర్లు లినక్స్‌తో వెంటనే కలవవు. ట్యాలీ లెక్కలు, పాత పేజ్‌మేకర్ ఫైళ్లు విండోస్ కోసం చేసినవి. డిజిటల్ సంతకం పరికరాలు కొన్ని సతాయిస్తాయి. చేయి అలవాటు పడటానికి కొన్నాళ్లు పడుతుంది. కార్డింగ్ నుంచి వైండింగ్‌కు మారిన మనిషికి మొదటి షిఫ్టులో ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. ఉత్తరాలు, లెక్కల పట్టికలకు లిబ్రె ఆఫీస్, వెబ్‌సైట్లకు ఫైర్‌ఫాక్స్, పాటలకు, సినిమాలకు వీఎల్‌సీ ఉన్నాయి. మన రోజువారీ పనిలో ఎక్కువ భాగం వీటితో జరిగిపోతుంది.

భయం వద్దు, ముందు పరీక్షించి చూడండి. లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ కూర్పు 2 జీబీ మెమరీతో కూడా నడుస్తుంది, 4 జీబీ ఉంటే హాయిగా ఉంటుంది. దాన్ని పెన్ డ్రైవులో వేసుకుని అక్కడి నుంచే కంప్యూటర్ నడిపి చూడవచ్చు. లోపలి ఫైళ్లు చెరిగిపోవు. ప్రింటర్, వైఫై, శబ్దం పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. నచ్చితే, మీ ఫొటోలు, కాగితాలు ఇంకోచోట నకలు తీసి పెట్టుకున్నాకే లోపల వేసుకోండి. నకలు లేకుండా మాత్రం చేయి పెట్టకండి.

సభ ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. యూనియన్ ఆఫీసులోని రెండు కంప్యూటర్లలో ఒకదానికి ఈ నెలలోనే లినక్స్ వేద్దాం. మూడు నెలలు వాడి, ఇబ్బందులు కమిటీ ముందు పెట్టి, రెండోదాని సంగతి తేలుద్దాం. సభ్యత్వ రిజిస్టరును, బులెటిన్‌ను ఇకపై ఎవరైనా తెరవగలిగే రూపంలోనే దాచుదాం. ఇళ్లలో మూలన పడిన పాత కంప్యూటర్లను తుక్కువాడికి వేయకుండా ఆఫీసుకు తెండి. బాగుచేసి, ఈ తిరుమణిలో ఆదివారాలు మన పిల్లలకు నేర్పే ఏర్పాటు చేద్దాం. ఆడపిల్లల్ని ముందు కూర్చోబెట్టాలని నా మనవి.

పత్రం చదవకుండా గుత్త రాయడం మనకు అలవాటు లేదు. కంప్యూటర్ విషయంలోనూ ఆ జాగ్రత్తే పాటిద్దాం. మీ అభిప్రాయాలు చెప్పండి, చర్చించి తీర్మానిద్దాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి.