తాగుడు మానదలచిన వారికి మీటింగు దారి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించీ, మెడికల్ బిల్లుల గురించీ నాకు ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. కార్యదర్శి గారు నాకు అప్పగించిన విషయం వేరు. మన ఇళ్ళలో ఉన్నదే గాని మన సభల అజెండాలోకి ఎన్నడూ ఎక్కనిది. తాగుడు.

కొందరి ఇంట్లో కొడుకు, కొందరి ఇంట్లో అల్లుడు, మరి కొందరి ఇంట్లో పెన్షనరే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పొద్దున హాజరు పట్టీలో సంతకం పెట్టాలన్న భయం ఉంటుంది. రిటైరయ్యాక ఆ భయం పోతుంది, గ్రాట్యుటీ చేతికొస్తుంది, పొద్దు మాత్రం పోదు. సాయంత్రం పుచ్చుకునేది మెల్లగా మధ్యాహ్నానికి జరుగుతుంది. అరవై దాటిన ఒళ్ళు పాత మోతాదును కూడా తట్టుకోలేదు. పైగా బి.పి., షుగరు మాత్రలు ఉండనే ఉన్నాయి.

ప్రభుత్వం మాన్పించే ప్రయత్నం మనమంతా చూసినదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట రోశమ్మ గారి వంటి ఆడవారు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం పోయింది. షాపు తెరిచి ఉన్నా తాగకుండా ఇంటికి రాగలగాలంటే మనిషికి మరొక ఆసరా కావాలి.

అటువంటి ఆసరాలలో ఒకటి ఆల్కహాలిక్స్ అనానిమస్, పొట్టిగా ఏ.ఏ. అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో 1935లో బిల్ విల్సన్ అనే షేర్ల బ్రోకరు, బాబ్ స్మిత్ అనే సర్జను కలుసుకున్నారు. ఇద్దరూ తాగుడుతో చితికినవారే. తనలాంటి మరొకరికి సాయపడుతుంటే తాను తాగకుండా ఉండగలుగుతున్నానని విల్సన్ గ్రహించాడు. ఆ ఒక్క సంగతి మీదే ఈ సంస్థ నడుస్తోంది. మన దేశానికి 1950లలోనే వచ్చింది.

మీటింగు ఎక్కడ జరుగుతుందో ఎలా తెలుస్తుంది? పెద్ద ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్య విభాగంలో గాని, డీ-అడిక్షన్ కేంద్రంలో గాని అడగండి. కేంద్ర ప్రభుత్వపు ఉచిత నంబరు 14446 మత్తు మానదలచిన వారి కోసమే. మానసిక ఆరోగ్యానికి 14416 ఉన్నది, అందులో తెలుగులో మాట్లాడవచ్చు. కదలలేని వారికీ, పరదేశాల్లో ఉన్న మన పిల్లలకూ ఫోనులోనే చేరగలిగే మీటింగులు కూడా ఉన్నాయి. తెలుగులో జరుగుతుందా, ఇంగ్లీషులోనా, అది ముందే కనుక్కోండి.

ఒక హెచ్చరిక. రోజూ బాగా తాగేవారు రేపటి నుంచి బంద్ అని ఒట్టు పెట్టుకుని ఇంట్లో పడుకోరాదు. రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్లు, మతి తప్పడం రావచ్చు, ప్రాణానికే ముప్పు. ముందు డాక్టరు, తర్వాత మీటింగు. డాక్టరు రాసిన మందులు మీటింగుకు వెళ్తున్నామని ఆపకూడదు.

మా సెక్షనులో పనిచేసిన ఒక మిత్రుడి వెంట నేను వెళ్ళాను. పేరు చెప్పను, అక్కడి నియమమే అది. "ఎవరైనా చూస్తే?" అన్నది ఆయన బెంగ. వైన్ షాపు ముందు నిలబడినప్పుడు ఊరంతా చూసింది గదా అన్నాను. చర్చి ఆవరణలోని గది. మతం మారుస్తారేమోనని వారి శ్రీమతి గారు భయపడ్డారు. గది అద్దెది, అంతే. భగవంతుణ్ణి ఎవరికి తోచినట్టు వారు తలచుకోవచ్చు.

అది ఓపెన్ మీటింగు కనుక నన్నూ కూర్చోనిచ్చారు. క్లోజ్డ్ మీటింగు తాగుడు మానదలచిన వారికే. రిజిస్టరు లేదు, సంతకం లేదు, ఫీజు లేదు. ఇన్నేళ్ళు గుమాస్తాగిరీ చేసిన నాకు అదే వింత! సంచీ తిప్పితే సభ్యులు తోచింది వేశారు, బయటివాడినని నా దగ్గర తీసుకోలేదు. ఒక్కొక్కరు తమ పేరు చెప్పి, తాము ఆల్కహాలిక్‌లమని చెప్పి, తమ కథ చెప్పారు. మధ్యలో ఎవరూ అడ్డుపడలేదు, సలహా ఇవ్వలేదు. జీవితాంతం మానమని అనరు. ఈ ఒక్క రోజు తాగకుండా గడపమంటారు.

మొదటి రోజు మా మిత్రుడు "ఇది నాకు పనికిరాదు" అన్నారు. చాలామంది అనే మాటే అది. నాలుగైదు మీటింగులు చూడందే తేల్చకూడదు. ఆయన రెండుసార్లు జారారు, మళ్ళీ వెళ్ళారు. ఎవరూ నిలదీయలేదు, కుర్చీ చూపించారు. అందరూ మానేస్తారని నేను చెప్పను.

తాగేవారు రానంటే ఇంటివారైనా వెళ్ళవచ్చు. విల్సన్ భార్య లోయిస్ 1951లో కుటుంబాల కోసం అల్-అనాన్ అనే సంస్థ మొదలుపెట్టింది. అమ్మలారా, మీకు చెప్పవలసింది ఇదే: కొడుకు తాగుడు బాకీలు పెన్షనులోంచి తీర్చకండి. ఏ.టి.ఎం. కార్డు మీ దగ్గరే ఉంచుకోండి. ఇది నిర్దయ అని కొందరు పెద్దలు నాతో వాదించారు. బాకీ తీరిన మరునాడే కొత్త బాకీ పుట్టడం వారూ చూసినదే.

ఒంటరిగా వెళ్ళడానికి జంకేవారు సభ అయ్యాక నాతో ఒక మాట చెప్పండి. తోడు వస్తాను. క్లోజ్డ్ మీటింగు అయితే అరుగు మీద పేపరు చదువుకుంటూ కూర్చుంటాను.