గ్రాస్ గుర్రాలు, నెట్ గుర్రాలు

(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో ఒక విశ్రాంత బ్రాంచ్ మేనేజర్ చేసిన ప్రసంగ పాఠం)



"అమెరికా వెళ్ళొచ్చారు కదా, అక్కడి విశేషాలు చెప్పండి" అన్నారు నిర్వాహకులు. నయాగరా గురించి మీలో చాలామంది చూసి వచ్చినవారే చెప్పగలరు. నేను కార్ల గురించి మాట్లాడతాను. పదవీవిరమణ చేసిన బ్యాంకు మేనేజరుకు అమెరికా కార్లతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. కాసేపు ఓపిక పట్టండి. చివరికి మన బ్రాంచికీ, మన ఇంటికీ తిరిగి వచ్చేస్తాం.

మా అమ్మాయి వాళ్ళు ఉండేది డెట్రాయిట్ పక్కన ట్రాయ్ అనే ఊళ్ళో. అమెరికా కార్ల పరిశ్రమకు డెట్రాయిట్ పుట్టినిల్లు. అక్కడి కార్ల కంపెనీల్లో తెలుగు ఇంజనీర్లు చాలామందే ఉన్నారు. మా అల్లుడు వారిలో ఒకడు. డెట్రాయిట్ నడిబొడ్డు నుంచి ఉత్తరంగా వెళ్ళే వుడ్‌వర్డ్ అవెన్యూ అనే రోడ్డు మీద ఏటా ఆగస్టు మూడో శనివారం పాత కార్ల తిరనాళ్ళు జరుగుతాయి. 1995లో ఒక చిన్న ఊరి ఆటస్థలం కోసం చందాలు పోగుచేయడానికి మొదలైన వేడుక అది. ఇప్పుడు వేలాది పాత కార్లు వస్తాయి. జనం రోడ్డు పక్కన మడత కుర్చీలు వేసుకుని, మన ఊళ్ళో రథోత్సవం చూసినట్టు చూస్తారు.

మేమూ కుర్చీలు వేసుకున్నాం. ఒక సిగ్నల్ దగ్గర రెండు కార్లు పక్కపక్కన ఆగాయి. ఒకటి 1960ల నాటి పాంటియాక్ జీటీఓ. రెండోది ఈ కాలపు డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్. పాత కారు నిలబడినచోటే వణికిపోతోంది. దాని చప్పుడుకు నా కుర్చీ కూడా అదిరింది. కొత్తది గుర్రుమంటోందిగానీ బుద్ధిగానే నిలబడింది. "మామయ్యా, రెండింట్లో దేనికి బలమెక్కువ?" అన్నాడు అల్లుడు. నా చెవులను నమ్మి పాతదాన్ని చూపించాను. నవ్వాడు. ఆ నవ్వుకు కారణం ఆ రోజంతా చెబుతూనే ఉన్నాడు. అందులో నాకు అర్థమైంది మీకు చెబుతాను.

వీటిని అక్కడ 'మజిల్ కార్లు' అంటారు, కండలు తిరిగిన కార్లన్నమాట. సూత్రం తేలిక. మధ్యరకం మామూలు కారు తీసుకుని, అందులో పెద్ద కారు ఇంజన్ బిగించడం. ఈ ఒరవడికి దారి వేసింది 1964 జీటీఓ అని చాలామంది ఒప్పుకుంటారు. దాని పుట్టుక కథ మన బ్యాంకు వాళ్ళకు బాగా నచ్చుతుంది, ఎందుకంటే అందులో ఒక సర్క్యులర్ ఉంది. మధ్యరకం కార్లలో 330 ఘనపుటంగుళాలకు, అంటే సుమారు 5.4 లీటర్లకు మించిన ఇంజన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్ యాజమాన్యం నియమం పెట్టింది. పాంటియాక్ విభాగంలో జాన్ డిలోరియన్ అనే ఇంజనీరు, ఆయన సహచరులు ఆ నియమాన్ని ఒకటికి రెండుసార్లు చదివారు. కొత్త మోడల్‌కైతే పైవాళ్ళ ఆమోదం కావాలి. ఉన్న మోడల్ మీద అదనపు ప్యాకేజీ ఇవ్వడానికి అక్కర్లేదు. అంతే, 389 ఘనపుటంగుళాల ఇంజన్‌ను సుమారు 295 డాలర్ల 'అదనపు సదుపాయం'గా అమ్మారు. మొదటి ఏడాదే 32 వేలకు పైగా అమ్ముడుపోయాయి. అన్ని అమ్ముడుపోయాక పైవాళ్ళు మాత్రం ఏమంటారు?

అదే ఏడాది ఏప్రిల్ 17న ఫోర్డ్ మస్టాంగ్ వచ్చింది. ప్రారంభ ధర 2,368 డాలర్లు. ఆనాటి సగటు అమెరికా కుటుంబానికి నాలుగైదు నెలల ఆదాయంతో వచ్చే కారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడు కూడా వాయిదాల మీద కొనుక్కోగలిగాడు. ఆ తరం కార్ల ఆకర్షణ అంతా అందులోనే ఉంది. బలం ధనవంతుల సొత్తు కాకుండా పోయింది.

ఇప్పుడు బలం లెక్కకు వద్దాం. ఆ జీటీఓ ఇంజన్ 325 హార్స్‌పవర్ అని కాగితం మీద ఉండేది. మూడు కార్బురేటర్లు పెట్టించుకుంటే 348. 1970 షెవెల్ ఎస్‌ఎస్ కారులో పెద్ద ఇంజన్‌కు 450. ఈ అంకెలు చూసి మురిసిపోకండి. అవన్నీ గ్రాస్.

గ్రాస్ అంటే ఏమిటో, నెట్ అంటే ఏమిటో మన ఇళ్ళల్లో పిల్లలకు కూడా తెలుసు. జీతం స్లిప్పులో పైన ఒక అంకె, కింద ఒక అంకె. పీఎఫ్, పన్ను, సొసైటీ లోను, పండగ అడ్వాన్సు అన్నీ పోయాక చేతికొచ్చేది కింది అంకె. ఇంటావిడకు తెలిసిన జీతం అదొక్కటే. 1971 దాకా అమెరికాలో ఇంజన్ బలాన్ని పై అంకెతో చెప్పేవారు. ఇంజన్‌ను కారులోంచి తీసి, బల్ల మీద పెట్టి, కారులో దానికుండే బరువుబాధ్యతలు చాలావరకు తప్పించి కొలిచేవారు. అలా వచ్చిందే గ్రాస్. 1972 మోడల్స్ నుంచి పరిశ్రమ మొత్తం నెట్‌కు మారింది. కారులో ఉన్నప్పటిలాగే ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు గొట్టాలు, ఆల్టర్నేటరు అన్నీ తగిలించి కొలవడమన్నమాట. 1971లో క్రిస్లర్ కంపెనీ రెండు అంకెలూ ఇచ్చింది. పేరుమోసిన హెమీ ఇంజన్ గ్రాస్ 425, నెట్ 350. డెబ్బై అయిదు గుర్రాలు కటింగుల్లో పోయాయి!

హెల్‌క్యాట్ 2015 మోడల్‌గా వచ్చినప్పుడు దాని బలం 707 హార్స్‌పవర్. అది నెట్. అంటే ఆ పాత హెమీలు రెండు కలిస్తే ఈ ఒక్కటి. 2023లో వచ్చిన డీమన్ 170 అయితే ఇథనాల్ కలిపిన ఇంధనంతో 1,025 హార్స్‌పవర్ ఇచ్చింది.

మధ్యలో ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఆ పాత కార్లకు మూడు దెబ్బలు తగిలాయి. మొదటిది ఇన్సూరెన్స్. కుర్రవాళ్ళు, ఎక్కువ బలమున్న కార్లు, ప్రమాదాలు, ఈ మూడింటినీ కలిపి చూసిన కంపెనీలు ప్రీమియం పెంచేశాయి. రెండోది 1970 నాటి క్లీన్ ఎయిర్ చట్టం. పొగ తగ్గించాలి, సీసం లేని పెట్రోలుతో నడవాలి అనేసరికి ఇంజన్ల దూకుడు తగ్గించక తప్పలేదు. మూడోది 1973 అక్టోబరులో అరబ్ దేశాల చమురు నిషేధం. 1974 మస్టాంగ్‌లో ఎనిమిది సిలిండర్ల ఇంజనే లేదు. అందులో పెద్ద ఇంజన్ బలం 105 హార్స్‌పవర్. అయినా ఆ ఏడాది మూడు లక్షల ఎనభై వేలకు పైగా అమ్ముడుపోయాయి. పెట్రోలు బంకు దగ్గర బారులు తీరినప్పుడు మనిషికి కావలసింది కండలు కాదని తేలింది.

తర్వాత కంప్యూటరు వచ్చింది. ఏ క్షణంలో ఎంత పెట్రోలు చిమ్మాలో అది లెక్కగడుతుంది. అందుకే ఈనాటి 707 గుర్రాల కారు హైవే మీద లీటరుకు తొమ్మిది కిలోమీటర్ల దాకా ఇస్తుంది, పొగ కూడా పాతవాటితో పోల్చలేనంత తక్కువ. ఇంజనీరింగ్ లెక్కన చూస్తే కొత్త కారుదే గెలుపు. ఇందులో వాదనకు చోటు లేదు.

కానీ నేను ఆ రెండు రకాల కార్లలోనూ ఎక్కాను. అక్కడే నాకు అసలు సంగతి తెలిసింది.

పాత జీటీఓ యజమాని మా అల్లుడికి పరిచయస్తుడు. "రండి సార్" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు వీధులు తిప్పాడు. 1964లో ఆ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. గట్టిగా రెండుమూడు సార్లు తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తాయట. గేరు మారిస్తే ఒళ్ళంతా కుదుపు. పెట్రోలు వాసన. స్టీరింగు తిప్పిన కాసేపటికి కారు తిరుగుతుంది. నేను రెండు చేతులతో సీటు పట్టుకుని కూర్చున్నాను. దిగేముందు మీటరు చూశాను. గంటకు 40 మైళ్ళు, అంటే 64 కిలోమీటర్లు. నాకు నూట ఇరవై అనిపించింది.

మర్నాడు అల్లుడి స్నేహితుడి హెల్‌క్యాట్‌లో హైవే ఎక్కాం. చల్లగా ఏసీ. ఆ అబ్బాయి గోంగూర అక్కడి దుకాణాల్లో ఎక్కడ దొరుకుతుందో చెబుతున్నాడు. నేను వింటున్నాను. యథాలాపంగా మీటరు వైపు చూస్తే 75 మైళ్ళు, అంటే 120 కిలోమీటర్లు. నాకు నిద్ర వస్తోంది!

పాత కారు బలం తక్కువదే, కానీ భయాన్ని ముందే చూపించేది. వేగం పెరిగేకొద్దీ "ఇక చాలు, ఇక చాలు" అని ఒళ్ళంతా చెప్పేది. కొత్త కారులో బ్రేకులు మెరుగు, టైర్లు మెరుగు, ఎయిర్‌బ్యాగులున్నాయి, జారకుండా పట్టుకునే ఎలక్ట్రానిక్స్ ఉన్నాయి. 2020 షెల్బీ జీటీ500 నిలబడిన చోటు నుంచి గంటకు 160 కిలోమీటర్ల వేగం అందుకుని, తిరిగి పూర్తిగా ఆగడానికి పదకొండు సెకన్లు కూడా పట్టదు. అందుకే ప్రమాదం జరిగితే బతికే అవకాశం కొత్త కారులోనే ఎక్కువ. కానీ ప్రమాదం దగ్గరికి వచ్చిందని అది చెప్పదు. వేగం రెట్టింపైతే ఢీకొన్నప్పుడు దెబ్బలో ఉండే శక్తి నాలుగు రెట్లవుతుంది. ఈ సూత్రం 1964లోనూ అదే, ఇప్పుడూ అదే. ఏ కంప్యూటరూ దాన్ని రద్దు చేయలేదు.

తయారుచేసినవాళ్ళకు కూడా ఈ సంగతి తెలుసు. హెల్‌క్యాట్‌కు రెండు తాళంచెవులు ఇచ్చేవారు. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. ఎర్రదానితో నడిపితే 707 గుర్రాలూ వస్తాయి. నల్లదానితో నడిపితే 500కు మించి రావు. ఆ అబ్బాయి రెండూ నా చేతిలో పెట్టినప్పుడు నాకు మన స్ట్రాంగ్‌రూమ్ గుర్తొచ్చింది. మన దగ్గర తాళాలు ఇద్దరి దగ్గర ఎందుకుంటాయి? ఎవరి నిజాయితీ మీదో అనుమానం ఉండి కాదు. లోపల ఉన్నది ఒక్క మనిషి నిగ్రహానికి వదిలేయదగ్గది కాదు కనుక. "ఎర్రది ఎక్కడ పెడతావు బాబూ?" అని అడిగాను. "మా ఆవిడ దగ్గర ఉంటుందండీ" అన్నాడు. జాయింట్ కస్టడీ!

ఇక మన ఊరికి వద్దాం. మస్టాంగ్ 2016లో మన దేశానికి అధికారికంగా వచ్చింది, ధర 65 లక్షలు. అది మన ఇళ్ళ సంగతి కాదు. మన ఇళ్ళ సంగతి వేరే ఉంది. మీలో వయసైనవాళ్ళకు పద్మిని కారు గుర్తుందా? దాదాపు తొమ్మిది వందల కిలోల బరువు, బలం 40 హార్స్‌పవర్. అందులో ఆరుగురం ఎక్కి తిరుపతి వెళ్ళొచ్చాం. ఇప్పుడు అదే 40, ఆపైన కూడా, నూట డెబ్బై కిలోల మోటారుసైకిల్ మీద వస్తోంది. ఎక్కేది ఇరవై ఏళ్ళ కుర్రవాడు. అమెరికావాళ్ళ మజిల్ కారు కథ మన వీధిలో రెండు చక్రాల మీద నడుస్తోంది.

నా సర్వీసులో నేను మరచిపోలేని లోను ఒకటుంది. ఒక జిల్లా కేంద్రంలో బ్రాంచి మేనేజరుగా ఉండగా, ఒక ఖాతాదారు కొడుకుకు అలాంటి బైకు లోను శాంక్షన్ చేశాను. కాగితాలన్నీ సక్రమం. ఆదాయం, మార్జిన్ మనీ, తండ్రి హామీ, అన్నీ ఉన్నాయి. మూడు వాయిదాలు సరిగ్గా పడ్డాయి. నాలుగో నెల తండ్రి ఒక్కడే వచ్చి, "లోను మొత్తం కట్టేస్తాను, ఎంతవుతుందో చెప్పండి సార్" అన్నాడు. ముందుగా కట్టేస్తున్నాడని సంతోషించి, "బాబు ఎలా ఉన్నాడండీ?" అని అడిగాను. ఆయన సమాధానం చెప్పలేదు. బల్ల మీదున్న నా పెన్ను తీసుకుని సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు.

ఆ ఫైలులో నేను అడగవలసినవన్నీ అడిగాను. రూల్సులో ఎక్కడా తప్పు లేదు. కానీ "వాడికి బ్రేకు వేయడం ఎవరు నేర్పారు?" అని మాత్రం అడగలేదు. ఆ కాలమ్ దరఖాస్తులో లేదు. అది మన ఇంట్లో అడగాల్సిన ప్రశ్న.

పిల్లలూ, మిమ్మల్ని బైకు వద్దనడానికి నేను రాలేదు. వేగంలో ఆనందం ఉంది. డెబ్బై దగ్గరపడ్డ నాకే ఆ జీటీఓ దిగాక చాలాసేపు గుండె కొట్టుకుంది. ఒక్కటే చెబుతాను. కంపెనీ ప్రకటనలో చూపించే బలం గ్రాస్. మీ అనుభవం, మీ హెల్మెట్, ఆ రోడ్డు మీది గుంతలు, ఎదురుగా వచ్చే ఆటో, అన్నీ తీసేయగా మిగిలేది నెట్. మీరు నడపగలిగేది అంతే. పాత బండి ఆ నెట్ ఎంతో తనే చెప్పేది. కొత్త బండి చెప్పదు కాబట్టి మీరే లెక్క వేసుకోవాలి.

పెద్దలకూ ఒక మాట. 2023 డిసెంబరులో ఆ ఛాలెంజర్ల తయారీ ఆగిపోయింది. వాటి స్థానంలో బ్యాటరీ కార్లు వచ్చాయి. చప్పుడే లేని బండికి స్పీకరు పెట్టి ఇంజన్ మోత వినిపిస్తున్నారు. రేపు మన ఇళ్ళకు వచ్చే బండ్లూ చప్పుడు చేయవు, ఊగవు, హెచ్చరించవు. అందుకని కొనేటప్పుడు మైలేజీ, వడ్డీ రేటు అడగండి, తప్పదు. దాంతోపాటు ఎర్ర తాళం ఎవరి దగ్గర ఉండాలో కూడా ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి.

 భోజనాల తర్వాత ఇళ్ళకు బయలుదేరేటప్పుడు నెమ్మదిగా వెళ్ళండి.