దిద్దని హోంవర్క్

(చంపాపేట్‌లో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసిన సభలో ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

ఆహ్వానపత్రంలో “హోంవర్క్: లాభాలు, నష్టాలు, ప్రత్యామ్నాయాలు” అని వేశారు. మూడూ మాట్లాడతాను.

లాభాల గురించి ఈ హాల్లో ఎక్కువ చెప్పనక్కర్లేదు. మనమంతా ఎక్కాలు ఇంటి అరుగు మీద వల్లెవేసి పైకొచ్చినవాళ్లమే. సారు బోర్డు మీద లెక్క చేస్తుంటే క్లాసులో అందరికీ వచ్చినట్టే ఉంటుంది. ఇంటికెళ్లి తెల్లకాగితం ముందు పెట్టుకున్నాకే వచ్చిందో రాలేదో తేలుతుంది. అయితే ఇది వయసును బట్టి ఉంటుంది. అమెరికాలో హారిస్ కూపర్ అనే ఆచార్యుడు హోంవర్క్ మీద జరిగిన అధ్యయనాలను పోగేసి, తోటివారితో కలిసి 2006లో ఒక సమీక్ష రాశారు. పై తరగతుల్లో హోంవర్క్‌కూ మార్కులకూ సంబంధం బాగా కనిపించిందట. చిన్న తరగతుల్లో మాత్రం అంతంతే. నా అనుభవమూ అదే చెబుతుంది.

మన ప్రభుత్వాలకు ఈ సంగతి తెలుసు. రచయిత ఆర్.కె. నారాయణ్ గారు రాజ్యసభలో నామినేటెడ్ సభ్యులుగా ఉన్నప్పుడు పిల్లల బడిసంచుల బరువు గురించి ఆవేదనతో మాట్లాడారు. ఆ తర్వాత కేంద్రం యశ్‌పాల్ గారి అధ్యక్షతన కమిటీ వేసింది. ప్రాథమిక తరగతుల పిల్లలకు, ఇంటి చుట్టుపక్కల చూసి తెలుసుకునే పనులు తప్ప, హోంవర్క్ వద్దని ఆ కమిటీ 1993లోనే రాసింది. మన తెలంగాణ ప్రభుత్వం 2017లో ఐదో తరగతి దాకా హోంవర్క్ ఇవ్వొద్దంది. ఒకటి, రెండు తరగతుల వాళ్ల సంచి కిలోన్నర దాటొద్దని కూడా ఉత్తర్వు ఇచ్చింది. 2020లో కేంద్రం తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం రెండో తరగతి దాకా హోంవర్క్ లేదు. మూడు నుంచి ఐదు వరకు వారం మొత్తానికి రెండు గంటలు, ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు గంట, తొమ్మిది నుంచి పైవాళ్లకు రోజుకు రెండు గంటలు. దయచేసి రాసుకోండి. అడ్మిషన్ కోసం వెళ్లినప్పుడు ఫీజు ఎంత అని అడుగుతాం, బస్సు ఎంత దూరం వస్తుందని అడుగుతాం. ఈ గంటల లెక్క కూడా అడగండి.

వెనక నుంచి రెండో వరసలో ఒక పాప ఒళ్లో పుస్తకం పెట్టుకుని రాస్తోంది. నేను ఇందాకటి నుంచీ చూస్తున్నాను. ఏం రాస్తున్నావు తల్లీ? ఈవీఎస్ ప్రశ్నలు, జవాబులా? ఎన్నిసార్లు? ఒక్కోటి మూడుసార్లు రాయాలంట. ఎన్నో క్లాసమ్మా? నాలుగు. విన్నారు కదా, నాలుగో తరగతి. భయపడకు తల్లీ, నీ తప్పేమీ లేదు. వాళ్ల అమ్మగారు పక్కనే ఉన్నారు. అమ్మా, ఈ మూడుసార్లు రాసింది రేపు టీచరు చదువుతారా? టిక్కు పెట్టి సంతకం చేస్తారంటున్నారు. ఈవేళ నేను చెప్పాలనుకున్నదంతా ఆ టిక్కు గురించే. మిగతా విషయాలు కొంచెం తగ్గినా ఏమీ అనుకోకండి.

నష్టాల్లో మొదటిది మీ అందరికీ తెలిసిందే గనుక త్వరగా చెబుతాను. హోంవర్క్ ఇచ్చేవాళ్లు ఒక ఇంటిని ఊహించుకుని ఇస్తారు. బల్ల ఉంటుంది, ఫ్యాను ఉంటుంది, అడిగితే చెప్పే మనిషి ఉంటారు అనుకుంటారు. మన చంపాపేట్, కర్మన్‌ఘాట్, సరూర్‌నగర్ సందుల్లో నల్గొండ నుంచి, పాలమూరు నుంచి బతకడానికి వచ్చి ఒక్క గదిలో ఉంటున్న కుటుంబాలు ఎన్ని లేవు? అదే గదిలో వంట, అదే గదిలో టీవీ, అదే గదిలో పడక. నాన్న ఆటో దింపి వచ్చేసరికి రాత్రి పది. అమ్మ నాలుగిళ్లలో పని చేసి వస్తుంది. ఆ పిల్లవాడికీ, ఇద్దరు ఇంజనీర్ల కొడుక్కీ ఒకే ప్రాజెక్టు ఇస్తే పరీక్ష పెట్టింది ఎవరికి? ప్రాజెక్టులంటే గుర్తొచ్చింది, ఇప్పుడు చార్టులు, థర్మాకోల్ మోడళ్లు దుకాణంలో చేసి అమ్ముతున్నారు. అమ్మలు రాత్రి దుకాణాలు మూసేలోపు పరుగెడుతున్నారు. ఇందులో పిల్లవాడు నేర్చుకునేది ఏముంది?

ఇల్లే లేని పిల్లల సంగతి మనకు ఇంకా దగ్గరగా ఉంది. మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్‌బీనగర్ వైపు వెళ్తుంటే విక్టోరియా మెమోరియల్ స్టేషన్ వస్తుంది. రోజూ ఆ పేరు వింటాం, దిగిపోతాం. విక్టోరియా రాణి 1901లో పోయాక ఆమె పేరు మీద, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, అనాథ పిల్లల కోసం సరూర్‌నగర్‌లో పెట్టిన ఆశ్రమం అది. పక్కన కూర్చోబెట్టుకుని చదివించే అమ్మానాన్నలు లేని పిల్లల కోసం మన పరిసరాల్లో అంత పాత చోటు ఉంది. అలాంటి పిల్లవాడికి ఇంట్లో అమ్మను అడిగి రాయమని ఎవరు చెప్పగలరు?

దీనికి జవాబు మన దగ్గర 1971లోనే దొరికింది. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. ఎల్‌బీనగర్ నుంచి విజయవాడ దారి పట్టి చౌటుప్పల్ దాకా వెళ్లి పక్కకు తిరిగితే ఎంతో దూరం లేదు. పల్లెటూరి పిల్లలకు చదువు, తిండి, పడక ఒకేచోట పెట్టిన మహానుభావుడాయన. నేను సర్వేలులో పనిచేయలేదు. ఆ నమూనా చూసి వచ్చిన మరో గురుకులంలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పాను. అక్కడ సాయంత్రం స్టడీ అవర్ ఉండేది. డ్యూటీ సారు పిల్లల మధ్యే కూర్చునేవాడు. పిల్లవాడు ఆగిపోయిన చోటే అడిగేవాడు, సారు అప్పటికప్పుడు చూసేవాడు. ఆ చూడటం ఎంత పెద్ద పనో చెప్పడానికి ఒక్క అబ్బాయి సంగతి చెబుతాను.

ఆరో తరగతిలో చేరాడు. పాత బడి నోటుబుక్కు వెంట తెచ్చుకున్నాడు. పేజీ నిండా ఎర్ర ఇంటూలు. లెక్కలు రానివాడని అందరూ తీర్మానించేశారు. ఆ రాత్రి ఆ పుస్తకం తీసుకుని మొదటి నుంచీ చూశాను. 52లోంచి 27 తీసేస్తే 35 అని రాశాడు. 304లోంచి 178 తీసేస్తే 274 అని రాశాడు. కొందరు అప్పుడే పట్టేశారు, ముందు వరస వాళ్ల ముఖాల్లో కనిపిస్తోంది. రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని ఏడులోంచి రెండు తీసేసి ఐదు వేశాడు. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయడమే. ఎక్కడ అప్పు తేవాల్సి వచ్చినా అదే పద్ధతి. అప్పు అక్కర్లేని లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ అబ్బాయి మొద్దు కాదండీ. వాడికి ఒక సూత్రం ఉంది. దాన్ని నిష్ఠగా, పేజీల కొద్దీ పాటించాడు. ఆ సూత్రం తప్పని ఎవరూ చెప్పలేదు, లెక్క తప్పని మాత్రమే చెప్పారు. మర్నాడు స్టడీ అవర్‌లో అగ్గిపుల్లలు పదేసి కట్టలు కట్టి ముందు పెట్టాను. ఐదు కట్టలు, రెండు పుల్లలు. ఏడు పుల్లలు ఇవ్వరా అన్నాను. చాలాసేపు చూశాడు. తర్వాత తనంతట తనే ఒక కట్ట విప్పాడు. ఆ పిల్లవాడికి తర్వాత కూడా క్లాసు ఫస్టు రాలేదు. తీసివేత మాత్రం మళ్లీ తప్పలేదు.

ఇలాంటి తప్పులు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే ఇద్దరు అమెరికాలో పిల్లల తప్పుల్లోని ఈ పద్ధతులనే పట్టి ఒక పెద్ద వ్యాసం రాశారు. నాకు ఆ వ్యాసం సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది. చదివి పొంగిపోయాను. మన ఊళ్లలో పాతకాలపు పంతుళ్లు పలక చేతిలోకి తీసుకుని, “ఏదీ, ఎట్ల చేసినవో చెప్పు” అనేవారు. ఆ ఒక్క మాట ఎంత శాస్త్రం!

ఇవాళ ఆ మాట అడిగేవారు తగ్గిపోయారు. హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో వస్తుంది. జవాబు గైడులో ఉంటుంది. పిల్లవాడు గైడు చూసి దించుతాడు, టీచరు పేజీ తిప్పి టిక్కు పెడతారు. పదిమంది పుస్తకాల్లో ఒకే తప్పు ఒకే వాక్యంలో ఉన్నా ఎవరి కంటా పడదు. తన రాత ఎవరూ చదవరని పిల్లవాడికి నెల తిరక్కుండా తెలిసిపోతుంది. తెలిశాక మనసు పెట్టి ఎందుకు రాస్తాడు? నాకు బాధ కలిగించే రెండో నష్టం అదే.

టీచర్లను నిందించడానికి రాలేదు. ముందు వరసలో ప్రైవేటు బడుల్లో పనిచేసే అమ్మాయిలు చాలామంది ఉన్నారు, మీ లెక్క నేను వేస్తాను. ఒకరికి ఐదు సెక్షన్లు, సెక్షన్‌కు నలభైమంది అనుకుందాం. రెండువందల నోటుబుక్కులు. ఒక్కోటి రెండు నిమిషాలు చూసినా నాలుగువందల నిమిషాలు, అంటే ఆరున్నర గంటలు దాటుతుంది. రోజంతా క్లాసులు చెప్పి వచ్చిన మనిషి ఇది చేయగలదా? విద్యాహక్కు చట్టం టీచరుకు వారానికి 45 గంటల పని అంది, పాఠం తయారుచేసుకునే సమయం కూడా కలుపుకుని. కరెక్షన్ ఆ గంటల్లోపల పట్టాలి. సెలవురోజున ఇంట్లో భర్త, పిల్లలు చుట్టూ ఉండగా గుట్టలుగా దిద్దేది కరెక్షన్ కాదు.

ప్రత్యామ్నాయాలు అనే మూడోది మిగిలింది. సమయమైందని అధ్యక్షులు గారు చీటీ పంపారు, సాంస్కృతిక కార్యక్రమం కోసం పిల్లలు వేషాలు వేసుకుని ఎదురుచూస్తున్నారు. అందుకని యాజమాన్యాల వారికి ఒక్క ఏర్పాటు చెప్పి ముగిస్తాను. పది లెక్కలు ఇచ్చేచోట మూడు ఇవ్వండి. సెక్షన్‌కు రోజుకు ఎనిమిది నోటుబుక్కులు మాత్రం తీసుకోండి, కానీ అక్షరం అక్షరం చదవండి. ఐదు రోజుల్లో నలభైమందీ పూర్తవుతారు. ఐదు సెక్షన్లకు రోజుకు నలభై పుస్తకాలు, ఒక్కోటి రెండు నిమిషాల చొప్పున గంటా ఇరవై నిమిషాలు. ఆ గంటా ఇరవై నిమిషాలు టైంటేబుల్లో వేయండి, దానికి జీతం ఇవ్వండి. తప్పు పక్కన ఇంటూ వద్దు, ఎక్కడ దారి తప్పాడో అక్కడ ఒక గీత, కింద ఒక వాక్యం చాలు.

ఇంట్లో చూసేవారు లేని పిల్లల కోసం కాలనీ సంఘం ఆఫీసు గది సాయంత్రాలు తెరిచి ఉంచుతామని కార్యదర్శి గారు ఇందాక మాటిచ్చారు. ట్యూబులైటు ఒకటి మార్పించాలి, చాపలు నేను తెస్తాను. సోమవారం నుంచి ఆరు గంటలకు అక్కడ ఉంటాను. రిటైరైన టీచర్లు ఈ హాల్లో ఇంకా ఉన్నారు, ఇంగ్లీషు చూసేవారు ఒకరు, సైన్సు చూసేవారు ఒకరు కావాలి. సభ అయ్యాక కిందికి వచ్చి పేరు ఇవ్వండి.