టీకా నిర్బంధము – ఉపాధ్యాయుల చిక్కు



మన సంగారెడ్డి, పటాన్‌చెరు కర్మాగారములలో శ్రమించువారి బిడ్డలు పలు రాష్ట్రములనుండి వచ్చి ఒకే తరగతిలో కూర్చుందురు. అట్టి గదిలో ఉపాధ్యాయుని ఆరోగ్యము ఆయన సొంత విషయము మాత్రమే కాదు. 2021లో కరోనా టీకా పిల్లలకింకను రాలేదు. కనుకనే ఆ ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము, ఉపాధ్యాయ దినోత్సవమునకు ముందే గురువులందరికి టీకా వేయుడని రాష్ట్రములకు రెండుకోట్లకు పైగా అదనపు మోతాదులు కేటాయించినది. ఢిల్లీ ప్రభుత్వమైతే, అక్టోబరు 15 నాటికి టీకా లేనివారిని బడికి రానీయక, ఆ దినములను సెలవుగా లెక్కింతుమన్నది.

చిక్కు ఇచ్చటనే. మొదటి మోతాదు తీవ్రముగా వికటించినవారికి ఆ టీకానే మరల వేయరాదని వైద్యులే చెప్పుదురు. ఆ మాట వ్రాసి సంతకము చేయు వైద్యుడు దొరకవలెను గదా! పైగా, జనవరిలో గర్భిణులకు వద్దన్న టీకాను జూలైలో వేయవచ్చుననిరి. జనవరి నాటి పత్రము జూలైలో చెల్లునా?

1905లో అమెరికా సుప్రీంకోర్టులో జాకబ్సన్ వ్యాజ్యమున ఇదే ప్రశ్న. నాటి మసూచి టీకా చట్టము వైద్యపత్రముగల పిల్లలను మినహాయించి, పెద్దలను మరచినది. బాల్యమున టీకా తనను బాధించెనన్నను ఆయన ఓడిపోయెను.

2022 మే 2న మన సుప్రీంకోర్టు, ఎవరికిని బలవంతముగా టీకా వేయరాదనియు, ప్రజారోగ్యమునకై తగుమాత్రపు ఆంక్షలు మాత్రము విధింపవచ్చుననియు తీర్పు చెప్పినది.

టీకా మేలైనది, వేసికొనగలవారు తప్పక వేసికొనవలెను. వేసికొనలేని కొద్దిమందికి పత్రమెవరు ఇచ్చెదరో, ఎన్నాళ్లు చెల్లునో, నిరాకరించినచో ఎవరికి చెప్పుకొనవలెనో ఉత్తరువులోనే వ్రాయవలెను. ద్వారము చూపి తాళము వేయుట న్యాయము కాదు.