తొలి వానలో బండి

హైదరాబాద్‌లో తొలకరి చినుకు పడగానే బైకులన్నీ ఫ్లైఓవర్ల కింద గుమిగూడతాయి. తడవకూడదని ఆగుతాం గానీ, అలా కాసేపు ఆగడంలో ఇంకో మేలుంది. ఎండాకాలమంతా రోడ్డుమీద పేరుకున్న ఆయిలూ దుమ్మూ తొలి చినుకులకు జిగటగా మారతాయి. వాన గట్టిగా కురిసి కడిగేసేదాకా టైరుకు పట్టు తక్కువ. ఆ సమయంలో జీబ్రా గీతల మీదో, మ్యాన్‌హోల్ ఇనుప మూత మీదో బ్రేకు కొట్టామా, బండి సర్రున జారుతుంది.

ముందు బ్రేకంటే చాలామందికి భయం. వెనకది తొక్కి ఊరుకుంటారు. బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి బండిని ఎక్కువగా ఆపేది అదే. రెండూ కలిపి, ముందుది మెల్లగా బిగిస్తూ వేయాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. ముందు ఆటో ఆగిందని గ్రహించి చెయ్యి కదిపేలోపే దాదాపు ఓ బస్సు పొడవు దాటిపోతాం.

బస్సంటే గుర్తొచ్చింది. డ్రైవరు కూర్చునేది కుడివైపు. ఎడమ పక్కన ఆనుకుని దూరే బైకు అతనికి కనిపించడం కష్టం. బస్సు అద్దంలో అతని ముఖం మీకు కనబడలేదంటే, మీరూ అతనికి కనబడనట్టే.

ఇక హెల్మెట్. పట్టీ పెట్టుకోకుండా నేనూ తిరిగాను. ఓ గుంతలో బండి ఎగిరిపడితే, హెల్మెట్ నాకంటే ముందు దొర్లుకుంటూ వెళ్ళింది. ఇప్పుడు గడ్డం కింద రెండు వేళ్ళు మాత్రమే దూరేలా బిగించాకే తాళం తిప్పుతున్నాను.